జిగ్‌సా: ప్రమాదం ఉండేది చెక్క కింద

సారాంశం: సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే జిగ్‌సా, ఇళ్లలో వాడే కరెంటు రంపాల్లో నెమ్మదైనదే. కానీ దాని బ్లేడు మొన ఆడేది చెక్క కింద, కంటికి కనపడని చోట. పళ్లు పైకి తిరిగి ఉండటంతో బ్లేడు లేచిన ప్రతిసారీ చెక్కను పైకి లాగుతుంది. చెక్క కదలకుండా, మిషన్ అడుగున ఉండే బేస్ ప్లేటు లేవకుండా, కింద ఏదీ అడ్డు రాకుండా చూసుకుంటే ప్రమాదమూ తగ్గుతుంది, కోతా శుభ్రంగా వస్తుంది.

టీవీ యూనిట్ వెనక వైర్లకు కన్నం పెట్టాలి. వంటింటి అరలో పైపు అడ్డొస్తోంది, ఆ మేరకు ప్లైవుడ్‌ను తొలవాలి. పిల్లలకు అక్షరాల బొమ్మలు కోసివ్వాలి. ఇంత చిన్న పనికి కార్పెంటర్ దొరకడం కష్టం కాబట్టి సొంతంగా ఒక జిగ్‌సా కొనుక్కోవాలనిపించడం సహజం. పెట్టెలో మిషనూ, ఒకటో రెండో బ్లేడ్లూ, సన్నటి అక్షరాలతో ఒక చిన్న పుస్తకమూ వస్తాయి. ఆ పుస్తకంలో హెచ్చరికలకు కొదవ ఉండదు గానీ, ఫలానా జాగ్రత్త ఎందుకో వివరించే వాక్యం మాత్రం అరుదు. కారణం తెలియకపోతే ఆ జాగ్రత్త నాలుగు రోజుల్లో అలవాటు తప్పుతుంది.

"జిగ్‌సా అయితే భయం లేదు, చెయ్యి తెగదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. ఏ సగం నిజమో తేలాలంటే ముందు మిషన్ లోపల ఏం జరుగుతోందో చూడాలి.

కుట్టుమిషన్ చుట్టం

1946లో స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా అనే కంపెనీలో ఇంజనీరుగా ఉన్న ఆల్బర్ట్ కౌఫ్‌మన్, కుట్టుమిషన్‌లో సూది తీసేసి ఆ చోట రంపపు బ్లేడు బిగించి చూశాడు. మరుసటి ఏడాదే అది లెస్టో అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1954లో సింటిల్లా జర్మన్ కంపెనీ బాష్ చేతికి వెళ్లింది. నేటి జిగ్‌సాలన్నీ ఆ వంశానివే.

మోటారు గుండ్రంగా తిరుగుతుంది. లోపలి గేరు ఆ తిరుగుడును పైకీ కిందికీ పోయే కదలికగా మారుస్తుంది. బ్లేడు ఒకసారి పైకి వచ్చే దూరాన్ని స్ట్రోక్ పొడవు అంటారు. చిన్న మిషన్లలో అది 18 నుంచి 20 మి.మీ., పెద్దవాటిలో 26 మి.మీ. దాకా ఉంటుంది. పూర్తి వేగంలో నిమిషానికి సుమారు 3,000 స్ట్రోకులు, అంటే సెకనుకు 50.

కుట్టుమిషన్‌తో పోలిక ఇంకో చోట కూడా పనికొస్తుంది. సూది పైకి లేచేటప్పుడు గుడ్డ దాంతోపాటు లేవకుండా మిషన్ పాదం నొక్కిపడుతుంది. పాదం దించకుండా కుడితే ఏమవుతుందో కుట్టుపని వచ్చినవాళ్లందరికీ తెలుసు. గుడ్డ ఎగిరెగిరి పడుతుంది, దారం చిక్కుపడుతుంది, ఒక్కోసారి సూది విరుగుతుంది. జిగ్‌సాలో ఆ పాదం స్థానంలో ఉన్నది బేస్ ప్లేటు. కాకపోతే దాన్ని నొక్కిపెట్టే స్ప్రింగు ఇక్కడ లేదు. ఆ పని వాడేవారి చెయ్యే చేయాలి.

పళ్లు పైకి చూస్తాయి

మామూలు జిగ్‌సా బ్లేడును వెలుతురులో పట్టుకుని చూస్తే పళ్ల మొనలు మిషన్ వైపుకు, అంటే పైకి తిరిగి కనపడతాయి. కోత పడేది బ్లేడు పైకి వచ్చేటప్పుడే. దిగేటప్పుడు అది గాడిలో ఊరికే రాసుకుంటూ పోతుంది. జిగ్‌సాతో వచ్చే సుఖమూ కష్టమూ రెండూ ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

పైకి వచ్చే పళ్లు చెక్కను బేస్ ప్లేటుకేసి లాగుతాయి. ప్లేటు చెక్కకు పూర్తిగా ఆని ఉంటే ఈ లాగుడు మేలే చేస్తుంది. రెండూ ఒకదానికొకటి బిగిసిపోతాయి. అదే, మధ్యలో 2 మి.మీ. సందు ఉన్నా పరిస్థితి మారిపోతుంది. బ్లేడు లేచినప్పుడు చెక్క ఎగిరి ప్లేటును కొడుతుంది. బ్లేడు దిగినప్పుడు గాడిలోని రాపిడి చెక్కను కిందికి తోసి మిషన్‌ను పైకి నెడుతుంది. ఇదంతా సెకనుకు 50 సార్లు. కోస్తుంటే టకటకమని దరువు వినిపించిందంటే ఆ సందు ఏర్పడిందనే అర్థం. ఆ దరువుతోనే బ్లేడు వంగుతుంది, గీత తప్పుతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

కొత్తగా పట్టినవాళ్లు బలమంతా ముందుకు తోయడంలో పెడతారు. పెట్టాల్సింది కిందికి. మిషన్ బరువు ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోలు ఉంటుంది. దానికి అరచేతి బరువు తోడై ప్లేటు చెక్కకు అతుక్కుని ఉండాలి. ముందుకు మాత్రం బ్లేడు ఎంత తింటే అంతే జరపాలి. ముందుకు తోస్తే మోటారు గొంతు మారుతుంది, శబ్దం బరువుగా కిందికి దిగుతుంది. ఆ మార్పు చెవిన పడగానే చెయ్యి తేలిక చేయాలి.

ప్లైవుడ్ పైపొర పెచ్చులుగా లేవడానికీ కారణం ఇదే. పంటి మొన కింది నుంచి వచ్చి పైపొరను చీల్చుకుంటూ బయటికొస్తుంది, అక్కడ ఆ పొరను అదిమిపట్టే చెక్క ఏమీ ఉండదు. అందుకే సన్‌మైకా అంటించిన వైపును, మంచి వెనీర్ ఉన్న వైపును కిందికి తిప్పి, వెనక వైపు గీత గీసి కోయాలి. పైవైపునే కోయక తప్పకపోతే పళ్లు కిందికి తిరిగిన బ్లేడు దొరుకుతుంది, టి101బిఆర్ అనే నంబరు బ్లేడు అలాంటిది. అయితే దాంతో బలాల దిశ తలకిందులవుతుంది. కోత పడే ప్రతిసారీ మిషన్ పైకి లేవాలని చూస్తుంది. మామూలు బ్లేడు కంటే గట్టిగా నొక్కిపెట్టాలి. చేతికి ఆ అలవాటు వచ్చేదాకా పాత ముక్క మీద ఒక అడుగు కోసి చూసుకోవడం మంచిది.

మార్బుల్ కట్టర్‌తో పోలిస్తే

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి చెక్కపని జరిగే చోట జిగ్‌సా కంటే ఎక్కువగా కనపడేది 4 అంగుళాల మార్బుల్ కట్టర్. రాయి కోయడానికి చేసిన మిషన్‌కు కార్బైడ్ పళ్లున్న కలప బ్లేడు తగిలించి ప్లైవుడ్ కోస్తారు. గీత తిన్నగా వస్తుంది, పని త్వరగా అవుతుంది. ఆ రెండూ కాదనలేనివే.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 110 మి.మీ. బ్లేడు నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే పంటి మొన సెకనుకు సుమారు 69 మీటర్లు పోతుంది. అంటే గంటకు దాదాపు 250 కి.మీ. జిగ్‌సా బ్లేడు 20 మి.మీ. స్ట్రోకుతో, నిమిషానికి 3,000 స్ట్రోకుల వేగంతో ఆడినా, అత్యధిక వేగం సెకనుకు 3 మీటర్ల చిల్లర, గంటకు 11 కి.మీ. గుండ్రటి బ్లేడు గాడిలో బిగుసుకుంటే ఆ వేగమంతా మిషన్‌ను వెనక్కి, మనిషి మీదికి విసిరేస్తుంది. కలప కోసే సర్క్యులర్ రంపానికి బ్లేడు బయటికి రాగానే దానంతటదే మూసుకునే కింది కవచం ఉంటుంది. మార్బుల్ కట్టర్‌కు అది లేదు. జిగ్‌సా బిగుసుకుంటే మహా అయితే ఎగిరి పడుతుంది, ఆగిపోతుంది, లేదా బ్లేడు విరుగుతుంది. "భయం లేదు" అన్న మాటలో నిజం ఇంతవరకే.

మిగతా సగం దగ్గరికి వస్తే, మార్బుల్ కట్టర్ అరుపుకే మనిషి జాగ్రత్త పడతాడు. జిగ్‌సా అంతగా భయపెట్టదు. దాంతో ఒక చేత్తో చెక్క పట్టుకుని మరో చేత్తో కోయడం, పాదం కింద అదిమి కోయడం మొదలవుతాయి. బ్లేడు ముందు పైభాగాన ఒక తీగో, ప్లాస్టిక్ రేకో అడ్డుగా ఉంటుంది గానీ, చెక్క కింద ఆడే భాగానికి ఏ కవచమూ లేదు. ఉండే వీలూ లేదు. వేళ్లు తెగేది అక్కడే.

బాల్కనీలో రెండు స్టూళ్ల మీద

వర్క్‌షాప్ లేని ఇంట్లో చెక్కపని బాల్కనీలోనో, డాబా మీదో, కారు షెడ్డులోనో జరుగుతుంది. రెండు ప్లాస్టిక్ స్టూళ్లు, వాటి మీద అడ్డంగా ప్లైవుడ్ పలక, మధ్యలో గీత. ఒక మోకాలు పలక మీద. ఎడమ చెయ్యి పలక అంచును కింది నుంచి పట్టుకుని ఉంటుంది. ఈ దృశ్యంలో తప్పు జరిగే చోట్లు మూడున్నాయి.

మొదటిది పలక వంగడం. గీత రెండు స్టూళ్ల మధ్య ఉంది కాబట్టి కోత సాగేకొద్దీ పలక మధ్యలో కుంగుతుంది. కుంగితే గాడి పైభాగం మూసుకుంటుంది, బ్లేడును రెండు వైపులా నొక్కుతుంది. బ్లేడు చిక్కుకుని మిషన్ మొత్తం పలకతో కలిసి ఊగుతుంది. రెండోది ఎడమ చెయ్యి. చివరికొచ్చేసరికి గీత ఆ చేతికి ఎదురుగానే ఉంటుంది, కింద వేళ్లు కనపడవు. మూడోది మోకాలు. చివర్లో ముక్క విడిపోగానే మనిషి బరువు ఆని ఉన్న భాగం ఒక్కసారిగా దిగుతుంది, చేతిలో మిషన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

దీనికి మందు ఖరీదైన బల్ల కాదు. నాలుగు రీపర్లు, అంటే పొడవాటి చెక్క బద్దలు చాలు. వాటిని నేల మీదో బల్ల మీదో వరసగా పరిచి, పలకను వాటిపై పెట్టి, నడిమి రెండు రీపర్ల మధ్య గీత వచ్చేలా జరపాలి. అప్పుడు కోత పూర్తయినా రెండు ముక్కలకూ రెండేసి రీపర్ల ఆసరా ఉంటుంది, ఏదీ పడదు, గాడి మూసుకోదు. పలకను రెండు సి-క్లాంపులతో (సి ఆకారపు మరబిగింపులు) రీపర్లకు బిగిస్తే చేతులు రెండూ మిషన్ మీద పెట్టుకోవచ్చు. క్లాంపు అడుగున చిన్న ప్లైముక్క వేస్తే సన్‌మైకా మీద మచ్చ పడదు.

రీపరు ఎత్తు దగ్గర లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. 100 మి.మీ. బ్లేడు బిగించాక అది బాగా దిగినప్పుడు బేస్ ప్లేటు కింద 70 మి.మీ. ఉందనుకుందాం. పలక మందం 18. అంటే పలక అడుగు నుంచి ఇంకా 52 మి.మీ. కిందికి దిగుతుంది. రెండంగుళాల రీపరు ఎత్తు 50 మి.మీ. బ్లేడు మొన ప్రతి స్ట్రోకుకూ నేలను కొడుతుంది. ఆ దెబ్బకు మిషన్ ఎగురుతుంది, బ్లేడు విల్లులా వంగుతుంది, టైలు పగులుతుంది. మూడంగుళాల రీపరైతే ఇబ్బంది లేదు. ప్లగ్ తీసి, బ్లేడును చేత్తో కింది దాకా దించి, స్కేలుతో ఒకసారి కొలిచి ఆ అంకెను మిషన్ పెట్టె మూత మీద రాసిపెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

చెక్క కింద చూడాల్సినవి ఇంకా ఉన్నాయి: మిషన్ సొంత కేబుల్, వేలాడే లుంగీ లేదా చీర అంచు, పిల్లల చేతులు. బిగించి ఉన్న పలకనైతే, అంటే గోడకు కొట్టిన ప్యానెల్‌నో, కప్‌బోర్డు వెనక పలకనో కోయాల్సి వస్తే, వెనక వైరింగ్, నీళ్ల పైపు ఎక్కడున్నాయో తేలాకే బ్లేడు దించాలి. ఆ సర్క్యూట్ మెయిన్ ఆపేయడం ఇంకా నయం.

చేతిలో పట్టుకునేంత చిన్న ముక్కను జిగ్‌సాతో కోయకూడదు. పెద్ద పలకలో ఆకారం గీసి, పలకను బిగించి, చిన్న ముక్కను చివర్లో వేరుచేయాలి. అక్షరాల బొమ్మల్లాంటివాటికి ఇదొక్కటే దారి.

ఎన్ని పళ్లు చెక్కలో ఉన్నాయి?

షాపులో "కలప బ్లేడు ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. అడగాల్సింది రెండు: కొక్కెం, అంటే మిషన్‌లో బిగించే బ్లేడు పైకొస, ఏ రకం; పంటికీ పంటికీ ఎంత దూరం. ఇప్పుడొచ్చే మిషన్లలో ఎక్కువ టి ఆకారపు కొక్కేనికే సరిపోతాయి; పాత, చౌక మిషన్లలో యు ఆకారం ఉంటుంది. ఒకదానికి చేసింది మరోదానిలో బిగించినట్టే అనిపించినా పనిలో జారి బయటికొస్తుంది. బ్లేడు పెట్టాక ఒకసారి గట్టిగా కిందికి లాగి చూడాలి. వెనక ఉన్న చిన్న చక్రం బ్లేడు వీపుకు తగులుతోందా, దాని గాడిలో కూర్చుందా చూడాలి. ఆ చక్రమే బ్లేడుకు వెన్నుదన్ను. అది అరిగినా, కూర్చోకపోయినా ఎంత మంచి బ్లేడైనా గీత మీద నిలవదు.

పళ్ల దూరానికి లెక్క సులువు. టి101బి బ్లేడులో దూరం 2.5 మి.మీ. దాన్ని 18 మి.మీ. ప్లైవుడ్‌లో దించితే ఏ క్షణంలోనైనా ఏడు పళ్లు చెక్కలో ఉంటాయి. కోత మెత్తగా సాగుతుంది. టి144డి దూరం 4 మి.మీ., అంటే నాలుగైదు పళ్లు. త్వరగా కోస్తుంది, అంచు గరుకుగా వస్తుంది. మందపాటి వేప, మామిడి చెక్కలకు అదే నయం. ఇప్పుడు అదే టి101బితో ఒకటిన్నర మి.మీ. ఇనుప రేకు కోయబోతే? రేకు మందం కంటే పళ్ల మధ్య దూరమే ఎక్కువ. రెండు పళ్ల మధ్య ఖాళీలోకి రేకు దూరిపోతుంది, తర్వాతి పన్ను దాన్ని పట్టుకుని లాగుతుంది, రేకు మెలితిరుగుతుంది లేదా పన్ను ఊడుతుంది. లోహానికి 1.2 మి.మీ. దూరమున్న టి118ఎ లాంటివి వాడేది అందుకే. మరీ పలచటి రేకునైతే రెండు ప్లైముక్కల మధ్య పెట్టి బిగించి, మూడింటినీ కలిపి కోయాలి. అప్పుడు పళ్లకు పట్టు దొరుకుతుంది, రేకు అదరదు.

పొడవుకూ కొలత ఉంది. చెక్క మందం, దానికి స్ట్రోక్ పొడవు, పైన మరో 5 మి.మీ. 65 మి.మీ. టేకు చెక్కకు 20 మి.మీ. స్ట్రోకున్న మిషన్ వాడితే, బాగా దిగినప్పుడు బేస్ కింద కనీసం 90 మి.మీ. బ్లేడు ఉండాలి. అంతకు తక్కువైతే బ్లేడు లేచిన ప్రతిసారీ మొన చెక్క లోపలికి వచ్చేసి, దిగేటప్పుడు గాడి అడుగున గుచ్చుకుంటుంది. ఇంత మందంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మిషన్ బ్లేడును పైన ఒక్క చోటే పట్టుకుంటుంది, కింది మొన స్వేచ్ఛగా ఉంటుంది. పైన గీత మీదే వెళ్లినట్టు కనపడుతుంది, తిప్పి చూస్తే అడుగున మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పోయి ఉంటుంది. మందపాటి చెక్కలో వంపులు కోయడం జిగ్‌సా శక్తికి మించినదే అనుకోవాలి.

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే టేకు దూలాలు, దర్వాజా కమ్మీలు చాలామంది అపురూపంగా దాచుకుంటారు. వాటిలో విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి. కోయబోయే గీత పొడవునా అయస్కాంతం నడిపి చూడాలి. అనుమానముంటే మేకులతో సహా కోయగల బైమెటల్ బ్లేడు వాడాలి. కలపకు చేసిన మామూలు హైకార్బన్ స్టీలు బ్లేడు మేకు తగిలితే పళ్లు రాల్చుకుంటుంది, ఆ పళ్లు ఎటు ఎగురుతాయో చెప్పలేం.

సున్నా నుంచి మూడు దాకా

మిషన్ పక్కన ఉండే 0, 1, 2, 3 గుర్తుల మీట పెండ్యులం కదలికది. సున్నాలో బ్లేడు నిటారుగా ఆడుతుంది. అంకె పెరిగేకొద్దీ పైకి లేచేటప్పుడు కాస్త ముందుకు కూడా ఊగుతుంది, పెద్ద కాట్లు వేస్తుంది. మెత్తటి కలపను తిన్నగా, త్వరగా కోయాలంటే 3. ప్లైవుడ్‌కు 1, అంచు శుభ్రంగా కావాలంటే 0. లోహం, సన్‌మైకా, బిగుతైన వంపులు, పళ్లు కిందికున్న బ్లేడు, వీటన్నిటికీ సున్నాయే. మూడులో పెట్టి రేకు కోస్తే ప్రతి స్ట్రోకూ సుత్తి దెబ్బలా పడుతుంది.

వేగానికి వేరే చక్రం ఉంటుంది. కలపకు ఎక్కువ, ఇనుముకు బాగా తక్కువ. అల్యూమినియంకు మధ్యస్థంగా ఉంచి, గీత మీద కాస్త నూనెగానీ మైనంగానీ రాయాలి. యాక్రిలిక్ షీటు మాత్రం మోసం చేస్తుంది. వేగం ఎక్కువైతే గాడిలో ప్లాస్టిక్ కరిగి, బ్లేడు దాటిపోగానే వెనక మళ్లీ అతుక్కుంటుంది. కోశామనుకున్న షీటు ఒక్కటిగానే ఉంటుంది, బ్లేడు మధ్యలో చిక్కుకుంటుంది. పై కాగితం తీయకుండా, నెమ్మదిగా, పెద్ద పళ్ల బ్లేడుతో కోయాలి.

మొదలుపెట్టడం, మలుపు, ఆఖరి అంగుళం

బేస్ ప్లేటు ముందుభాగం చెక్క మీద ఆనాలి, బ్లేడు మాత్రం అంచుకు తగలకూడదు. అప్పుడు స్విచ్ నొక్కి, వేగం అందుకున్నాక ముందుకు జరపాలి. బ్లేడును అంచుకు ఆనించి స్విచ్ వేస్తే మొదటి స్ట్రోకుకే మిషన్ ఎగురుతుంది.

పలక మధ్యలో కన్నం కావాలంటే బ్లేడును ఏటవాలుగా పెట్టి గుచ్చుతూ దించే పద్ధతి కొందరు చూపిస్తారు. ఇంట్లో వాడేవాళ్లకు అది వద్దు. 10 లేదా 12 మి.మీ. డ్రిల్ బిట్‌తో కన్నం వేసి అందులోంచి బ్లేడు దించితే సరిపోతుంది. చతురస్రం కోయాలంటే నాలుగు మూలలా నాలుగు కన్నాలు. మధ్య ముక్క ఊడిపడేటప్పుడు చివరి పెచ్చును చీల్చుకుపోకుండా, బ్లేడును చిక్కించకుండా, మూడు వైపులు కోశాక దాని మీద అడ్డంగా ఒక బద్దను స్క్రూలతో బిగించి ఆపాలి. ఆ బద్ద చివర్లు పక్క పలక మీద ఆని ఉండాలి, మిషన్ దారికి అడ్డు రాకూడదు.

మలుపుల్లో బ్లేడును పక్కకు నెట్టకూడదు, మిషన్‌ను వెనక నుంచి తిప్పాలి. బ్లేడు తిరగనంటే వంపు దానికి మించినదన్నమాట. సన్నటి బ్లేడుకు మారాలి, లేదా వృథా పోయే వైపు నుంచి గీత దాకా అక్కడక్కడా గాట్లు కోసిపెట్టాలి. అప్పుడు ముక్కలు ఒక్కొక్కటే రాలుతూ బ్లేడు తిరగడానికి చోటిస్తాయి. 45 డిగ్రీల వాలు కోతలో 18 మి.మీ. పలక బ్లేడుకు ఇరవై అయిదున్నర మిల్లీమీటర్ల మందంగా తగులుతుంది, పైగా కింద మొన పక్కకు తిరిగి బయటికొస్తుంది. క్లాంపు ఆ వైపు ఉంటే కోతకు ముందే మార్చాలి.

ఆఖరి అంగుళంలో ముందుకు తోసే బలం పూర్తిగా తగ్గించాలి. ముక్క విడిపోయాక స్విచ్ వదిలి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా మిషన్‌ను అక్కడే ఉంచాలి. ఆడుతున్న బ్లేడును పైకి తీస్తే మొన పలక మీద పడి గుచ్చుతుంది, మిషన్ చేతిలోంచి దూకుతుంది. మధ్యలో చిక్కుకున్నా ఇదే పద్ధతి: ఆపి, ప్లగ్ తీసి, గాడిలో చిన్న పచ్చర కొట్టి వెడల్పు చేసి తీయాలి. ఆగిన వెంటనే బ్లేడును వేళ్లతో ముట్టకూడదు, అది చర్మం కాల్చేంత వేడిగా ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు

చాలా మిషన్లలో స్విచ్‌ను నొక్కిన స్థితిలోనే ఉంచే లాక్ బొత్తం ఉంటుంది. పొడుగు కోతల్లో వేలికి సుఖమే. కానీ కోస్తుండగా కరెంటు పోయి, మిషన్‌ను బల్ల మీద పెట్టేసి పక్కకెళ్తే, కరెంటు రాగానే అది దానంతటదే నడుస్తుంది, బల్ల మీద నుంచి పాక్కుంటూ పడిపోతుంది. ఆ బొత్తాన్ని వాడకపోవడమే మేలు. కరెంటు పోయిన వెంటనే ప్లగ్ తీసే అలవాటు ఉండాలి.

ప్లగ్‌కు రెండే పిన్నులున్నాయని కంగారు పడనక్కర్లేదు. మిషన్ మీద ఒక చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది, ఎర్త్ అవసరం లేదు. కేబుల్ పై తొడుగు తెగితే మాత్రం టేపు చుట్టి సరిపెట్టకూడదు, మార్పించాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉంటే, కేబుల్ మీద బ్లేడు పడినా ప్రాణాపాయం బాగా తగ్గుతుంది. 650 వాట్ల మిషన్‌కు 230 వోల్టుల వద్ద మూడు ఆంపియర్ల లోపే పడుతుంది, కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. కోసేటప్పుడు కేబుల్ భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే గీత దారిలోకి రాదు. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్ తీయాలి, బ్యాటరీ మిషనైతే బ్యాటరీ ఊడదీయాలి.

దుమ్ము, కళ్లు, చెవులు

కలప దుమ్మునూ, ప్లైవుడ్, ఎండీఎఫ్ (కలప నారను జిగురుతో అదిమి చేసే పలక) జిగురుల్లో ఉండే ఫార్మాల్డిహైడ్‌నూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఒక రోజు పనితో ఏమీ కాదు, కానీ మూసిన గదిలో ఎండీఎఫ్ కోసి అందులోనే పడుకోవడం మంచిది కాదు. ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు, తెరిచిన కిటికీ కావాలి. చేతిరుమాలు సన్నటి దుమ్మును ఆపదు. పొట్టు లాగే గొట్టం తగిలించి కలప కోసిన మిషన్‌తోనే ఇనుము కోయాల్సి వస్తే ముందు పొట్టు చేరే సంచీని ఖాళీ చేయాలి. వేడి ఇనుప రజను పొడి పొట్టులో పడితే నిప్పు రాజుకుంటుంది.

కళ్లకు పక్కలు కూడా మూసే అద్దాలు తప్పనిసరి. మామూలు కళ్లజోడు లెక్కలోకి రాదు. శబ్దం చాలాసేపు పని చేస్తే వినికిడికి చేటు చేసేంత ఉంటుంది, చెవులకు ప్లగ్గులు పెట్టుకోవాలి. వదులు నూలు గ్లవ్స్ కోతలో వద్దు, వేడి బ్లేడు తీసేటప్పుడు మాత్రం కావాలి. చున్నీ, వదులు చేతులు, మెడలో వేలాడే గొలుసు ముందే తీసేయాలి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు.

గాయమైతే

జిగ్‌సా గాయం కత్తి గాయంలా ఉండదు. పళ్లు చర్మాన్ని చీల్చుతాయి, పొట్టు లోపలికి పోతుంది. ముందు మిషన్ ఆపి, శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమిపట్టి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. మాటిమాటికీ గుడ్డ తీసి చూడకూడదు. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. వేలి ముక్క విడిపోతే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూసి, ఆ సంచీని ఐసు మీద ఉంచి తీసుకెళ్లాలి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు.

గాయం చిన్నదిగా కనపడి, రక్తం ఆగిపోయినా ఒక పరీక్ష చేయాలి. వేలి ప్రతి కణుపునూ వంచి, చాచి చూడాలి. కొనను తాకితే స్పర్శ తెలుస్తోందా చూడాలి. ఏ కణుపైనా వంగకపోయినా, కొన మొద్దుబారినా లోపల స్నాయువో నరమో తెగి ఉండవచ్చు. పసుపు అద్ది కట్టు కట్టేసి తెల్లారేదాకా ఆగకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అక్కడ చెప్పాలి.